బుడగల నీటిలో ధ్వని వేగం: ఒక గొట్టం కొలతల డైరీ

నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు ప్రయాణిస్తుంది, గాలిలో సుమారు 345 మీటర్లు. నీటిలో నూటికి ఒక వంతు గాలి బుడగలుగా కలిస్తే వేగం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఆగదు. రెండింటికంటే చాలా కిందికి, 110–120 మీటర్ల దాకా పడిపోతుంది. ఆ మిశ్రమానికి బరువు నీటిది, మెత్తదనం గాలిది కావడమే దీనికి కారణం. నురుగు నీటిలో ధ్వని అణగిపోవడాన్ని 1910లోనే మాలక్ పరిశీలించాడు. ఇప్పుడు అందరూ వాడే వేగపు సూత్రం 1930లో ఎ. బి. వుడ్ ఇచ్చిన రూపంలో ఉంది.

ఈ డైరీ ఆ సంఖ్యను సాధారణ సామానుతో కొలవడానికి చేసిన ప్రయత్నం గురించినది. మొత్తం 50 గంటల పనిలో 41 గంటలు అసలు రీడింగులకు చేరేలోపే అయిపోయాయి. ఆ 41 గంటలను ఇంకొకరు ఖర్చు పెట్టకుండా ఉండాలని విఫలమైన భాగాలనే ఎక్కువగా రాశాను. పనిచేసిన పద్ధతి మాత్రమే కావలసినవారు నాలుగో దశ నుంచి చదివినా సరిపోతుంది, అయితే రెండో దశలోని తప్పు శిఖరం సంగతిని దాటవేయవద్దు.

దశ 1: 40 కిలోహెర్ట్జ్ జత (వదిలేసిన దారి)

తొట్టెలో ఎదురెదురుగా, 300 మి.మీ. దూరంలో, నీరు చొరని అల్ట్రాసోనిక్ సెన్సర్ల జతను అమర్చి, ఒకదాని నుంచి పంపిన తరంగం రెండోదానికి చేరడానికి పట్టే కాలాన్ని ఆసిలోస్కోపుతో కొలిచాను. నీటి ఉష్ణోగ్రత 28 డిగ్రీలు. ఆ ఉష్ణోగ్రతకు ధ్వని వేగం సుమారు 1,504 మీ/సె కాబట్టి కాలం 199 మైక్రోసెకన్లు రావాలి. 195కూ 205కూ మధ్య వచ్చింది. ఇంతవరకు బాగానే ఉంది.

అడుగున ఎయిర్ స్టోన్ (గాలిని సన్న బుడగలుగా విడగొట్టే రంధ్రాల రాయి) పెట్టి బుడగలు వదిలాను. కాలం పది రెట్లు పెరుగుతుందని ఎదురుచూశాను, కాని అది 200 మైక్రోసెకన్ల దగ్గరే ఉండిపోయింది. తరంగం ఎత్తు మాత్రం ఇరవయ్యో వంతుకు తగ్గింది, బుడగలు ఇంకాస్త పెంచితే పూర్తిగా మాయమైంది. రెండు రోజులు తీగలను, ట్రిగ్గరును, తొట్టె గోడల ప్రతిధ్వనులను అనుమానించాను. తప్పు అక్కడ లేదు.

ప్రతి బుడగకూ తనదైన సహజ కంపనం ఉంటుంది. మిన్నార్ట్ 1933లో ఇచ్చిన సంబంధం ప్రకారం, మామూలు వాతావరణ పీడనం వద్ద బుడగ వ్యాసార్ధాన్ని మి.మీ.లలోనూ పౌనఃపున్యాన్ని కిలోహెర్ట్జ్‌లలోనూ తీసుకుంటే వాటి లబ్ధం సుమారు 3.26. ఎయిర్ స్టోన్ చేసే బుసను రికార్డు చేసి చూస్తే దాని శిఖరం 2.2 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంది, అంటే నా బుడగల వ్యాసార్ధం దాదాపు 1.5 మి.మీ. స్కేలు పక్కన పెట్టి తీసిన ఫోటోలోనూ బుడగలు 3 మి.మీ. అడ్డంగా కనిపించాయి. 2.2 కిలోహెర్ట్జ్‌కు కంపించే బుడగ 40 కిలోహెర్ట్జ్ ఒత్తిడికి కుంచించుకునేలోపే ఒత్తిడి దిశ మారిపోతుంది. బుడగ ఒత్తిడికి లొంగనప్పుడు నీరు మెత్తబడదు, వేగమూ తగ్గదు. అడ్డంగా నిలిచిన బుడగలు ధ్వనిని చెదరగొట్టడం మాత్రమే జరుగుతుంది. వుడ్ సూత్రం వర్తించాలంటే బుడగ సహజ కంపనానికి చాలా దిగువన, నా విషయంలో కొన్ని వందల హెర్ట్జ్ లోపల, పనిచేయాలి.

ఇప్పటిదాకా: 9 గంటలు, 40 రీడింగులు, పనికివచ్చినవి 0.

దశ 2: అక్రిలిక్ గొట్టం, తప్పు శిఖరం

కొన్ని వందల హెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం మీటర్లలో ఉంటుంది కాబట్టి కాలాన్ని కొలిచే పద్ధతి తొట్టెలో సాగదు. నిలువు గొట్టంలో నీటి స్తంభాన్ని మోగించి, దాని అనునాద పౌనఃపున్యం నుంచి వేగం రాబట్టాలని పద్ధతి మార్చాను. అడుగు మూసి ఉండి, పైన నీటి మట్టం తెరిచి ఉంటే, గొట్టంలో పావు తరంగం ఇముడుతుంది. వేగం = 4 × నీటి ఎత్తు × మొదటి పౌనఃపున్యం. ఆపై వచ్చే శిఖరాలు దానికి 3, 5, 7 రెట్ల దగ్గర ఉండాలి.

1. లోపలి వ్యాసం 50 మి.మీ., గోడ మందం 3 మి.మీ. ఉన్న అక్రిలిక్ గొట్టానికి 10 మి.మీ. అక్రిలిక్ పలకను అడుగుగా అతికించాను.
2. అడుగు నుంచి సరిగ్గా 900 మి.మీ. ఎత్తున పక్కకు ఒక పొర్లు నాళం పెట్టాను.
3. 27 మి.మీ. పీజో బిళ్ళకు (ఒత్తిడిని వోల్టేజీగా మార్చే పలుచని బిళ్ళ) తీగలు అతికి, రెండు వైపులా ఎపాక్సీ పూసి, అడుగుకు 40 మి.మీ. పైన వేలాడదీశాను.
4. గొట్టాన్ని రెండు బిగింపులతో నిలబెట్టి, అడుగు కింద 150 మి.మీ. ఖాళీ వదిలాను. కొసకు రబ్బరు తొడిగిన బోల్టుతో కింది నుంచి కొట్టాలి.
5. పీజో తీగలను నేరుగా సౌండ్ కార్డుకు ఇచ్చి, రికార్డు చేసిన చప్పుడు స్పెక్ట్రమ్ (ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో చూపే గీత) చూశాను.

బుడగలు లేని నీటికి 342 హెర్ట్జ్ వద్ద స్పష్టమైన శిఖరం కనిపించింది. లెక్క వేస్తే 1,231 మీ/సె. 1,504కు ఇది తక్కువే అయినా, గొట్టం గోడ కొంత లొంగుతుందని ఎక్కడో చదివిన గుర్తుతో సరిపెట్టుకుని ముందుకు వెళ్ళాను. ఈ ప్రాజెక్టులో నేను చేసిన అతి పెద్ద తప్పు ఇదే. నమ్మశక్యంగా కనిపించే తప్పు సమాధానం వచ్చినప్పుడు దాన్ని ఎవరూ పరీక్షించరు. అదే 5,000 వచ్చి ఉంటే ఆ సాయంత్రమే పట్టుకునేవాడిని.

వారం తరువాత అదే ఫైలులో 570 హెర్ట్జ్ దగ్గర ఇంకో శిఖరాన్ని గమనించాను. 342 మొదటిదైతే తరువాతిది 1,026 దగ్గర రావాలి. 570ని 342తో భాగిస్తే 1.67, అంటే 5కు 3. నేను చూస్తున్నవి మూడు రెట్ల, ఐదు రెట్ల శిఖరాలు. మొదటిది 114 దగ్గర ఉండాలి, కాని స్పెక్ట్రమ్‌లో ఆ చోట చదునుగా ఉంది.

మొదటి శిఖరాన్ని మింగింది సౌండ్ కార్డు. పీజో బిళ్ళ నిజానికి ఒక చిన్న కెపాసిటర్; మల్టీమీటరుతో కొలిస్తే 20 నానోఫారడ్లు. సౌండ్ కార్డు ఇన్‌పుట్ నిరోధం సుమారు 10 కిలోఓమ్‌లు. ఈ రెండూ కలిసి 796 హెర్ట్జ్ నుంచి కిందికి పోయేకొద్దీ ఎక్కువగా కోసేసే ఫిల్టరుగా పనిచేస్తాయి, 114 దగ్గర ఏడో వంతు మాత్రమే మిగులుతుంది. మధ్యలో 10 మెగాఓమ్‌ల ఇన్‌పుట్ ఉన్న ఒక జేఫెట్ బఫరును (సంకేతాన్ని తగ్గించకుండా అందించే చిన్న ట్రాన్సిస్టర్ సర్క్యూటును) 9 వోల్టుల బ్యాటరీతో పెట్టగానే ఆ కోత 0.8 హెర్ట్జ్‌కు దిగిపోయింది. మరుసటి దెబ్బకే 114 వద్ద శిఖరం తక్కినవాటన్నింటికంటే ఎత్తుగా లేచింది. బఫరును పీజోకు దగ్గరగా, గొట్టం మీదనే బిగించాలి. తీగ పొడుగైతే కరెంటు హమ్ ఎక్కుతుంది.

ఇంకొక శిఖరం 88 దగ్గర ఉండేది. నీరు 450 మి.మీ.కు తగ్గించినప్పుడు 114 కాస్తా 228కి పెరిగింది, 88 మాత్రం కదలలేదు. అది బిగింపులది. ఏ శిఖరాన్ని నమ్మే ముందైనా నీటి ఎత్తును సగం చేసి అది రెట్టింపవుతుందో లేదో చూడాలి.

ఇప్పటిదాకా: 21 గంటలు, 111 రీడింగులు, పనికివచ్చినవి 0.

దశ 3: గోడ ఎంత మెత్తన

114 హెర్ట్జ్ అంటే 410 మీ/సె. శుద్ధమైన నీటికి ఇది మూడో వంతు కూడా కాదు. ఈసారి తప్పు పరికరాలది కాదు, గొట్టానిది. నీటిలో పీడనం పెరిగినప్పుడు నీరు కుంచించుకోవడంతో పాటు గొట్టమూ కొద్దిగా ఉబ్బుతుంది. ధ్వనికి ఈ రెండూ ఒకటే. లొంగింది నీరా గోడా అన్నది దానికి తెలియదు. లొంగుబాట్లన్నీ కలుపుకుంటే సూత్రం ఇలా వస్తుంది:

1 / వేగం² = సాంద్రత × (నీటి లొంగుబాటు + గోడ లొంగుబాటు + బుడగల లొంగుబాటు)

గోడ లొంగుబాటు అంటే వ్యాసాన్ని, గోడ మందంతోనూ పదార్థపు యంగ్ గుణకంతోనూ (సాగడానికి అది ఇచ్చే ప్రతిఘటన) భాగిస్తే వచ్చేది. అక్రిలిక్ యంగ్ గుణకాన్ని 3.2 గిగాపాస్కల్‌లుగా తీసుకుంటే గోడ లొంగుబాటు పాస్కల్‌కు 5.2 × 10⁻⁹. నీటిది 0.44 × 10⁻⁹ మాత్రమే. అంటే నా గొట్టంలో గోడ నీటికంటే దాదాపు పన్నెండు రెట్లు మెత్తన. లెక్క ప్రకారం 421 మీ/సె రావాలి, కొలతలో 410 వచ్చింది. పారదర్శకంగా ఉంది కదా అని అక్రిలిక్ గొట్టంలో నీటి ధ్వని వేగం కొలవబోయేవారు ఈ ఒక్క వరుస చదివితే చాలు.

నిర్ధారణ కోసం అదే ఎత్తు నీటితో ఇనుప గొట్టం (లోపలి వ్యాసం 53 మి.మీ., గోడ 3.6 మి.మీ.) ప్రయత్నించాను. లెక్కలో 1,393 మీ/సె. శిఖరం 379 వద్ద వచ్చింది, అంటే 1,364. ఇక సూత్రం మీద అనుమానం పోయింది.

అయితే ఇనుప గొట్టంలోకి చూడలేము. బుడగలు సమంగా పరుచుకున్నాయా, ఒక పక్కకు పోతున్నాయా అన్నది తెలియదు. మళ్ళీ సూత్రం వైపు చూస్తే, నూటికి ఒక వంతు గాలి ఇచ్చే లొంగుబాటు సుమారు 75 × 10⁻⁹. దాని ముందు అక్రిలిక్ గోడ ఇచ్చే 5 చిన్నది, పైగా బుడగలు లేని నీటిలో ఒకసారి కొలిచి తీసివేయదగినది. వట్టి నీటికి పనికిరాని గొట్టం బుడగల నీటికి చక్కగా సరిపోతుంది. కనుక ఇనుప గొట్టాన్ని పక్కన పెట్టి అక్రిలిక్‌కే తిరిగి వచ్చాను. తీసివేయవలసిన విలువగా లెక్కలోని 5.2ను కాకుండా, 410 మీ/సె నుంచి వెనక్కి లెక్కించిన 5.5ను తీసుకున్నాను, అడుగు పలక లొంగుబాటు కూడా అందులోనే కలిసిపోతుంది.

ఇక్కడ ఇంకొక తికమక ఎదురైంది. రాత్రి నింపి ఉంచిన నీటికి మరునాడు ఉదయం 114 బదులు 104 హెర్ట్జ్ వచ్చింది. ఉష్ణోగ్రత మారలేదు, మట్టం మారలేదు. టార్చి వేసి గొట్టాన్ని దగ్గరగా చూస్తే గోడ లోపలి వైపు ఆవగింజలో పదో వంతు కూడా లేని బుడగలు చెమటలా పట్టి ఉన్నాయి. నీటిలో కరిగి ఉన్న గాలి రాత్రంతా గోడ మీద చేరింది. 104 నుంచి వెనక్కి లెక్క వేస్తే గొట్టం మొత్తం మీద వాటి ఘనపరిమాణం సుమారు 0.27 మిల్లీలీటర్లు: 1,767 మిల్లీలీటర్ల నీటిలో ఐదారు చుక్కలంత గాలి, పది హెర్ట్జ్ తేడా. సీసాలు కడిగే పొడుగాటి బ్రష్షుతో గోడను తుడిచి, పది నిమిషాలు ఆగి కొడితే 114 తిరిగి వచ్చింది. అప్పటి నుంచి మరిగించి చల్లార్చిన నీరే వాడాను.

ఇప్పటిదాకా: 30 గంటలు, 138 రీడింగులు, పనికివచ్చినవి 14.

దశ 4: గాలిని తూచడం, పంపును ఆపడం

వేగం కొలవడం కంటే గాలి పాలు కొలవడం కష్టం. మొదట స్కేలుతో మట్టం పెరుగుదల చూశాను: నూటికి ఒక వంతు గాలికి 9 మి.మీ. పెరగాలి, కాని బుడగలు పగిలే ఉపరితలం అటూ ఇటూ 3 మి.మీ. ఎగురుతూ ఉంటుంది. అందుకే పొర్లు నాళం వైపు తిరిగాను. నాళం దాకా నింపి గాలి వదిలితే, బుడగల ఘనపరిమాణానికి సమానమైన నీరు బయటికి పొర్లుతుంది, దాన్ని 0.1 గ్రాము త్రాసు మీద పట్టుకోవాలి. నీటి ఎత్తు ఎప్పుడూ 900 మి.మీ. దగ్గరే ఉండడం అదనపు లాభం.

మొదటి మూడు తూకాలు ఒకే వాల్వు అమరికకు 14.1, 16.0, 17.9 గ్రాములు. నాళం పెదవి దగ్గర నీరు ఉబ్బి నిలబడుతోంది. ఎప్పుడు జారుతుందో దాని ఇష్టం. తలతన్యత తగ్గించడానికి ఒక చుక్క గిన్నెల సబ్బు వేశాను. నీరు పొర్లడం బాగుపడింది కాని బుడగలు సన్నబడి, నీరు పాలలా మారి, పైన నాలుగు వేళ్ళ నురుగు కట్టింది, ఆ నురుగూ త్రాసు మీదకే వచ్చింది. గొట్టాన్ని ఐదుసార్లు కడగవలసి వచ్చింది. చివరికి పనిచేసింది తడిపిన నూలు దారం: ఒక కొస నాళంలో, ఇంకొక కొస పాత్రలో ఉండేలా వేలాడదీస్తే నీరు దారం వెంట ఆగకుండా దిగుతుంది. తూకాలు 17.7 నుంచి 18.1 లోపలికి వచ్చాయి. గాలి ఆపిన తరువాత సిరంజితో మళ్ళీ పెదవి దాకా నింపి చూస్తే 18.0 మిల్లీలీటర్లు పట్టింది.

రెండో సమస్య పంపు. అక్వేరియం పంపు డయాఫ్రమ్ కరెంటు పౌనఃపున్యంతోనే కొట్టుకుంటుంది, నాకు కావలసిన శిఖరాలూ ఆ చుట్టుపక్కలే ఉంటాయి. పంపు కింద స్పాంజి, ఆపై పొడుగాటి రబ్బరు గొట్టం, మధ్యలో ఖాళీ సీసా అన్నీ ప్రయత్నించినా హమ్ తగ్గిందే తప్ప పోలేదు. పంపునే తీసేసి, ముందుగా గాలి నింపిన టైరు ట్యూబు నుంచి సూది వాల్వు ద్వారా గాలి ఇచ్చాను. నూటికి ఒక వంతు నిలబెట్టడానికి నిమిషానికి లీటరులో మూడో వంతు కూడా అక్కర్లేదు, కనుక ట్యూబు పీడనం ఒక రీడింగులో గమనించేంత తగ్గదు.

ఇప్పటిదాకా: 41 గంటలు, 177 రీడింగులు, పనికివచ్చినవి 14.

దశ 5: రీడింగులు

ఒక్కో రీడింగు క్రమం ఇది:

1. గోడ తుడిచి, వట్టి నీటికి 114 వస్తోందని సరిచూసుకోవాలి. రాకపోతే ముందుకు వెళ్ళకూడదు.
2. పెదవి దాకా నింపి, దారం తడిపి, త్రాసును సున్నా చేయాలి.
3. వాల్వు తెరిచి, పొర్లడం ఆగేదాకా, సుమారు 40 సెకన్లు, ఆగాలి.
4. తూకం రాసుకుని, రెండేసి సెకన్ల ఎడంతో ఐదు దెబ్బలు కొట్టాలి.
5. ఐదింటి శిఖరాల సగటు తీసుకోవాలి.

ఐదు అమరికలకు వచ్చిన సగటులు:

పొర్లిన నీరు 1.8 గ్రా. (గాలి 0.10 శాతం): 75 హెర్ట్జ్, 270 మీ/సె
5.2 గ్రా. (0.29 శాతం): 52 హెర్ట్జ్, 187 మీ/సె
9.0 గ్రా. (0.51 శాతం): 42 హెర్ట్జ్, 151 మీ/సె
17.9 గ్రా. (1.01 శాతం): 31 హెర్ట్జ్, 112 మీ/సె
35.5 గ్రా. (2.01 శాతం): 23 హెర్ట్జ్, 83 మీ/సె

మొదటి వరుసలో గోడ వాటా ఇంకా పెద్దదే. అదే గాలి పాలుతో ఇనుప గొట్టంలో ఒకసారి సరిచూస్తే 98 హెర్ట్జ్, అంటే 353 మీ/సె వచ్చింది. వెయ్యింట ఒక వంతు గాలికి బయట తెరిచి ఉన్న నీటిలో రావలసిన విలువకు ఇదే దగ్గర.

గోడను, నీటిని తీసివేస్తే మిగిలేది బుడగల లొంగుబాటు: గాలి పాలును, పీడనంతోనూ ఒక ఘాతాంకంతోనూ భాగించినది. పీడనం సుమారు 106 కిలోపాస్కల్‌లు (వాతావరణానికి నీటి లోతు కలిపి). బుడగలోని గాలి ఒత్తినప్పుడు వేడెక్కి ఆ వేడి లోపలే నిలిస్తే, అంటే స్థిరోష్ణక ప్రక్రియ అయితే, ఘాతాంకం 1.4, వేడి వెంటనే నీటిలోకి పోతే, అంటే సమోష్ణోగ్రత ప్రక్రియ అయితే, 1. నా ఐదు వరుసలకు వరుసగా 1.23, 1.22, 1.26, 1.28, 1.32 వచ్చాయి, సగటు 1.26. రెండు హద్దులకూ మధ్య పడడం నాకు సమ్మతమే: 1.5 మి.మీ. వ్యాసార్ధం ఉన్న బుడగలో ఈ పౌనఃపున్యాల వద్ద వేడి ఒక కంపన కాలంలో బుడగ అంచు నుంచి పావు లేదా అర మి.మీ. లోపలి దాకా మాత్రమే చేరుతుంది. సంఖ్యలు కిందికి పోయేకొద్దీ పెరుగుతున్నట్టు కనిపించినా దానికి అర్థం వెతకలేదు. 23 హెర్ట్జ్ వద్ద ఒక్క హెర్ట్జ్ పొరపాటు ఘాతాంకాన్ని 9 శాతం మారుస్తుంది, ఆ శిఖరమూ చదునుగా, వెడల్పుగా ఉంది.

ఇప్పటిదాకా: 47 గంటలు, 207 రీడింగులు, పనికివచ్చినవి 44.

దశ 6: ఉప్పు

ఘాతాంకం గురించిన నా వివరణ నిజమైతే, బుడగలు చిన్నవైనప్పుడు అది 1 వైపు జరగాలి, అదే గాలి పాలుకు వేగం ఇంకా తగ్గాలి. సబ్బు నురుగు కడుతుంది కాబట్టి ఉప్పు ఎంచుకున్నాను. ఉప్పు నీటిలో బుడగలు ఒకదానితో ఒకటి కలిసిపోవు, అందుకే సన్నగా మిగులుతాయి, పైన నురుగు నిలవదు. 1,767 మిల్లీలీటర్లకు 35 గ్రాముల ఉప్పు కలిపాను. ఎయిర్ స్టోన్ అదే, వాల్వు అమరికా అదే, కాని తూకం 17.9 నుంచి 30 దాటింది, ఎందుకంటే సన్న బుడగలు నెమ్మదిగా పైకి పోతాయి, నీటిలో ఎక్కువసేపు నిలుస్తాయి. వాల్వు బిగించి 18.1 గ్రాముల దగ్గరకు తెచ్చి కొట్టాను.

28 హెర్ట్జ్ వచ్చింది. మంచి నీటిలో దాదాపు ఇంతే గాలికి 31. ఉప్పు నీటి అదనపు సాంద్రతను లెక్కలో కలుపుకున్నా ఘాతాంకం 1.05 దగ్గరకు దిగింది. వాల్వును తిప్పివేసి మళ్ళీ అదే తూకానికి తెచ్చి ఇంకో రెండు విడతలు కొట్టినా 28, 28. ఫోటోలో బుడగలు మి.మీ. అడ్డంగా ఉన్నాయి, అంటే వేడి బుడగ నడిమధ్య దాకా చేరేంత చిన్నవి.

తరువాత గొట్టాన్ని మంచి నీటితో మూడుసార్లు కడిగి, చల్లార్చిన నీరు పోసి, గోడ తుడిచి వట్టి నీటి రీడింగు తీశాను. 113. ఇంకోసారి బ్రష్షు వేసి, పది నిమిషాలు ఆగి కొడితే 114.

మొత్తం: 50 గంటలు, 223 రీడింగులు, పనికివచ్చినవి 60.